త్రాసు లేని తూకం

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా ఒకే మాట: బేబీ వెయిట్. గర్భిణులు రాసినవి, వాళ్ళ అమ్మలు రాసినవి, ఒక భర్తగారి ఈమెయిలు కూడా ఉంది. అందుకే ఈసారి శీర్షిక మొత్తం కడుపులో బిడ్డ ఎదుగుదల చూసే గ్రోత్ స్కాన్‌కే ఇచ్చేశాను.

ముందే ఒక మాట. నేను కాన్పులు చేసే డాక్టర్ని కాను. ఇరవై మూడేళ్లుగా కాకినాడలో లైట్లు తగ్గించిన గదిలో కూర్చుని, పొట్ట మీద జెల్లు రాసి, తెర మీద చూసింది కాగితం మీద పెట్టే స్కానింగ్ డాక్టర్ని. మందు మార్చాలా, కాన్పు ఎప్పుడు చెయ్యాలి అన్నవి మిమ్మల్ని చూస్తున్న డాక్టరుగారే చెప్పాలి. ఆ కాగితాన్ని ఎలా చదువుకోవాలో నేను చెప్తాను.

ప్రశ్న: మేడమ్, నాకు ఇరవై రెండేళ్లు. తొలి కాన్పు. నెలసరి లెక్కన నిన్నటికి 34 వారాలు నిండాయి. నిన్ననే గ్రోత్ స్కాన్ తీస్తే 31 వారాల 2 రోజులని వచ్చింది, బరువు 1,780 గ్రాములట. కాగితం మీద డెలివరీ తేదీలు కూడా రెండు వేశారు. బిడ్డ మూడు వారాలు వెనకబడిపోయిందని ఇంట్లో అందరూ దిగులు పెట్టుకున్నారు. నాకు రాత్రి నిద్ర లేదు. రిపోర్టులన్నీ జత చేస్తున్నాను. – ఒక సోదరి, తణుకు

జవాబు: చెల్లీ, మీరు పంపిన కట్టలో నేను ముందు తీసింది నిన్నటి రిపోర్టు కాదు. అన్నిటికంటే అడుగున మడతలు పడి ఉన్న మీ మొదటి స్కాన్ కాగితం. అందులో సి.ఆర్.ఎల్. 22 మిల్లీమీటర్లు అని ఉంది. అంటే తల నుంచి పిర్రల దాకా బిడ్డ పొడవు. ఆ పొడవుకి వయసు 8 వారాల 6 రోజులు. అదే రోజుకి మీ నెలసరి లెక్క ప్రకారం 10 వారాల 1 రోజు కావాలి. తొమ్మిది రోజుల తేడా అక్కడే ఉంది. దాన్ని ఎవరూ సరిచెయ్యలేదు.

మొదటి మూడు నెలల్లో బిడ్డలందరూ ఇంచుమించు ఒకే వేగంతో పెరుగుతారు. అమ్మ పొట్టిదా, నాన్న ఆరడుగులా అన్న తేడాలు అప్పటికి పొడచూపవు. అందుకే అప్పటి కొలత వయసుని ఐదారు రోజులు, మహా అయితే వారం తేడాతో చెప్పేస్తుంది. తొమ్మిదో నెలలో అదే పని చెయ్యబోతే మూడు వారాల దాకా తేడా రావచ్చు. నెలసరి ఆలస్యంగా వచ్చేవాళ్ళూ, తేదీ గుర్తులేక 'సంక్రాంతికి నాలుగు రోజుల ముందనుకుంటా' అని చెప్పేవాళ్ళూ మనలో చాలామంది. అలాంటప్పుడు మొదటి స్కాన్ తేదీనే పట్టుకోవాలి. ఒకసారి పట్టుకున్నాక మళ్ళీ మార్చకూడదు. ఆ లెక్కన నిన్నటికి మీ బిడ్డ వయసు 34 వారాలు కాదు, 32 వారాల 5 రోజులు.

ఇక ఆ 31 వారాల 2 రోజుల సంగతి. అది బిడ్డ వయసు కాదమ్మా. ఇలాంటి కొలతలు మామూలుగా ఇన్ని వారాల బిడ్డకి ఉంటాయి అని యంత్రం చెప్పే పోలిక, అంతే. ఐదో తరగతి పిల్లాడికి నాలుగో తరగతి వాడి చొక్కా సరిపోయిందనుకోండి, వాడిని తీసుకెళ్ళి నాలుగులో కూర్చోబెట్టం కదా. కాగితం మీద ఉన్న రెండో డెలివరీ తేదీ ఆ చొక్కా సైజు నుంచి పుట్టిందే. దాన్ని పెన్నుతో కొట్టెయ్యండి. నా యంత్రంలో ఆ గడి రిపోర్టులోకి రాకుండా ఎప్పుడో తీయించేశాను. అది ఇళ్ళలో తెచ్చిపెట్టే గొడవలు చూశాక.

బరువు చూద్దాం. మన యంత్రాల్లో ఎక్కువగా ఉండేది హాడ్‌లాక్ అనే అమెరికా డాక్టరు లెక్క. దాని ప్రకారం 34 వారాల బిడ్డలు నూరుమందిని బరువు వారీగా వరసలో నిలబెడితే, కింది నుంచి పదో బిడ్డ బరువు 1,973 గ్రాములు. పదో పర్సెంటైల్ అంటే అదే. ఆ గీత కంటే కింద ఉంటే రిపోర్టులో 'స్మాల్' అన్న మాట పడుతుంది. నిన్న మీకు పడిందీ అందుకే. కానీ 32 వారాల 5 రోజులకి ఆ గీత సుమారు 1,745 దగ్గర ఉంటుంది. మీ బిడ్డ 1,780. గీతకి కాస్త పైనే ఉంది.

పైనే ఉంది కదా అని కాగితాలు బీరువాలో పడెయ్యమనడం లేదు. మీ రిపోర్టులో తల కొలత వయసుకి తగ్గట్టే ఉంది. పొట్ట చుట్టుకొలత 26.6 సెంటీమీటర్లు మాత్రం అన్నిటికన్నా వెనక ఉంది. స్కాన్ చేసేవాళ్ళం ముందుగా కన్నేసేది ఈ పొట్ట కొలత మీదే. బిడ్డ తన తిండిని గ్లైకోజెన్ అనే నిల్వ సరుకుగా పొట్టలో ఉన్న లివరులోనే దాచుకుంటుంది. తిండి తగ్గితే ముందు చిక్కేది ఆ లివరే, దాంతో పాటు పొట్ట. రెండు మూడు వారాలు ఆగి మళ్ళీ గ్రోత్ స్కాన్, దానితోపాటు డాప్లర్ (రక్తం పారుదల చూసే స్కాన్) చేయించమని మీ డాక్టరుగారిని అడగండి. డాప్లర్ ఇంకా ముందే కావాలని ఆవిడ అంటే ఆవిడ మాటే వినండి. అప్పటికి బిడ్డ తన గీత వెంబడే నడుస్తుంటే అది చిన్న బిడ్డే, జబ్బు బిడ్డ కాదు. గీతలు దాటుకుంటూ కిందకి జారుతుంటే అప్పుడు ఆలోచించాలి. మీ ఉత్తరంలో మీ ఎత్తు రాయలేదు. ఐదడుగుల లోపు తల్లికి 2.6 కిలోల బిడ్డ పుడితే నేను ఆశ్చర్యపోను.

ఇంకో సంగతి. 1991లో అచ్చయిన ఆ హాడ్‌లాక్ పట్టిక హ్యూస్టన్‌లో, ఎక్కువగా మధ్యతరగతి తెల్లవాళ్ళ కాన్పుల నుంచి తీసింది. తరవాత ఎనిమిది దేశాల తల్లులతో ఇంటర్‌గ్రోత్ అనే పట్టిక తయారైంది. అందులో మన నాగపూర్ తల్లులు కూడా ఉన్నారు. ఏ పట్టిక మంచిదన్న వాదన మా డాక్టర్లలో ఇంకా నడుస్తూనే ఉంది. మీకు కావాల్సింది మాత్రం ఒక్కటే: మొదటిసారి ఏ పట్టికతో చూశారో రెండోసారీ దానితోనే చూడాలి.

ప్రశ్న: సోమవారం ఒకచోట స్కాన్ తీస్తే 2.4 కేజీలన్నారు. అనుమానం వచ్చి గురువారం ఇంకో చోట తీయిస్తే 2.2 అన్నారు. మూడు రోజుల్లో 200 గ్రాములు తగ్గిపోతుందా? ఇద్దరిలో ఎవరు కరెక్ట్? – ఒక గర్భిణి, తుని

జవాబు: ఇద్దరూ కరెక్టే కావచ్చు. ఇద్దరూ కాకపోవచ్చు కూడా!

లోపల త్రాసు లేదమ్మా. తల అడ్డం కొలత, తల చుట్టుకొలత, పొట్ట చుట్టుకొలత, తొడ ఎముక పొడవు – ఈ నాలుగూ మేము కొలిచి ఇస్తే యంత్రం ఒక సూత్రంలో వేసి బరువు లెక్కగడుతుంది. అనుభవం ఉన్న చేతిలో కూడా ఆ లెక్క అసలు బరువుకి పది నుంచి పదిహేను శాతం అటూ ఇటూ పోతుంది. మీ బిడ్డ నిజం బరువు 2.3 అనుకుందాం. 1.95 నుంచి 2.65 వరకు ఏ అంకె వచ్చినా అది లెక్కలో ఉండే తేడానే. మీకొచ్చిన రెండు అంకెలూ ఆ గీతల మధ్యలోనే ఉన్నాయి.

ఆ తేడా ఎక్కడ పుడుతుందో చూపిస్తాను. పొట్ట చుట్టుకొలత తియ్యాలంటే బిడ్డ పొట్టని దోసకాయ చక్రం కోసినట్టు సరిగ్గా అడ్డంగా చూడాలి. తెర మీద గుండ్రం రావాలి. అందులో జీర్ణాశయం నల్లటి మచ్చలా కనబడాలి, బొడ్డు నుంచి లివరులోకి వెళ్ళే సిర హాకీ కర్రలా వంగి కనబడాలి, వెనకాల వెన్నుపూస మూడు తెల్ల చుక్కలుగా ఉండాలి. గుండె కనబడిందా, పైకి వెళ్ళిపోయాం. కిడ్నీలు కనబడ్డాయా, కిందకి జారాం. ప్రోబ్ ఏటవాలుగా పట్టామా, దోసకాయ ఐమూలగా తెగినట్టు చక్రం సాగిపోయి కొలత పెరుగుతుంది. గట్టిగా నొక్కామా, నలిగిపోతుంది. ఇంతలో బిడ్డ కాలు జాడిస్తుంది. మీరు ఊపిరి తీస్తారు. ఆ ఒక్క కొలతలో సెంటీమీటరు తేడా వస్తే, రెండు కిలోల లోపు బిడ్డకి సుమారు వంద గ్రాములు అటో ఇటో అయిపోతుంది.

నా తప్పు కూడా ఒకటి చెప్పుకోవాలి. పన్నెండేళ్ల కిందట మే నెలలో ఒక సాయంత్రం. కరెంటు పోయింది, ఇన్వర్టరు మీద యంత్రం నడుస్తోంది, బయట బల్లల మీద ఇంకా పది మంది ఉన్నారు. లోపల ఉన్న అమ్మాయికి ఉమ్మనీరు తక్కువ. బిడ్డ వీపు పైకి తిప్పి పడుకుంది, పక్కటెముకల నీడలు పడి పొట్ట సరిగా కనబడటం లేదు. నలిగిన గుండ్రం మీదే గీత గీసేసి 1.9 అని రాసిచ్చాను. రాత్రికి రాత్రే కారు మాట్లాడుకుని విశాఖపట్నం వెళ్ళిపోయారు. అక్కడ తీరిగ్గా చూసినాయన 2.4 అన్నారు. రెండు వారాలకి అమ్మాయి పుట్టింది, 2.7. తరవాత మిఠాయి తెచ్చిన వాళ్ళ నాన్న నన్ను ఒక్క మాట అనలేదు. 'అన్నవరం దాటేదాకా ఏడుస్తూనే ఉందండీ' అని మాత్రం చెప్పారు. ఆ మాట నాకు ఇప్పటికీ పోలేదు. అప్పటి నుంచి పొట్ట కొలత మూడుసార్లు తీసి సరాసరి వేస్తాను. సరిగా కనబడకపోతే లేపి, నాలుగు అడుగులు వేసి రమ్మంటాను. బయటవాళ్ళు విసుక్కుంటే విసుక్కోనీ.

మీకు నా సలహా: మూడో చోటికి వెళ్ళకండి. ఈ నెలల్లో బిడ్డ వారానికి సుమారు 200 గ్రాములు పెరుగుతుంది. కొలతలో తేడాయే అంతకన్నా ఎక్కువ. అందుకే ఎదుగుదల చూడటానికి రెండు స్కాన్‌ల మధ్య కనీసం రెండు వారాలు ఉండాలి, మూడైతే ఇంకా మేలు. అదీ ఒకే చోట, వీలైతే ఒకే చేత్తో. ఉమ్మనీరూ డాప్లరూ చూడటం వేరు, అవి డాక్టరు చెబితే రెండు రోజులకోసారైనా చేస్తాం.

ప్రశ్న: అమ్మా, మా పెద్దమ్మాయికి ఎనిమిదో నెల. 30 వారాలని చెప్పారు. శ్రీమంతం చేసి తీసుకొచ్చాం. బిడ్డ ఎదుగుదల బాగా తక్కువ, మాయ నుంచి రక్తం సరిగా అందడం లేదు, డాప్లర్ చూస్తూ ఉండాలి అన్నారు. చుట్టుపక్కల వాళ్ళేమో అమైనో యాసిడ్ సెలైన్లు ఎక్కిస్తే బరువు వచ్చేస్తుందంటున్నారు. ప్రొటీన్ పౌడర్లు డబ్బాలకి డబ్బాలు కొన్నాం. మంచం దిగనివ్వడం లేదు. ఇంకేం పెట్టమంటారు? నా పెంపకంలో లోపమా అనిపిస్తోంది. – ఒక తల్లి, కోనసీమ

జవాబు: వదినగారూ, ముందు ఆ ఆఖరి వాక్యం కొట్టెయ్యండి. మీరు వండి పెట్టింది చాలక ఇలా కాలేదు.

మీది కాలువల దేశం కాబట్టి అలాగే చెప్తాను. లాకుల దగ్గర నీళ్ళు సరిగా వదలకపోతే శివారు చేలో ఎన్ని బస్తాల ఎరువు చల్లినా ఏం లాభం? ఇక్కడ లాకులు మాయ. అమ్మాయి తిన్నది రక్తంలోకి వస్తోంది, మాయ దగ్గర ఆగిపోతోంది. సెలైన్‌లో ఎక్కించే అమైనో యాసిడ్లదీ, పౌడరుదీ అదే దారి. బాటిల్ ఎక్కించుకుంటే ఇంట్లోవాళ్ళకి ఏదో చేశామన్న తృప్తి ఉంటుంది, నాకు తెలుసు. మాయ పని చెయ్యని చోట అవి బిడ్డ బరువు పెంచుతాయనడానికి గట్టి ఆధారం లేదు. మాయకి రక్తం పెంచుదామని సిల్డెనాఫిల్ అనే మందుని నెదర్లాండ్స్‌లో పరీక్షిస్తూ, పుట్టిన పిల్లలకి ఊపిరితిత్తుల సమస్యలొచ్చి కొందరు చనిపోవడంతో 2018లో ఆ ప్రయోగాన్ని మధ్యలోనే ఆపేశారు. ఎవరో వాడి బాగుపడ్డారట అని ఏ మందూ మొదలుపెట్టకండి.

డాప్లర్‌లో మేము చూసేది ఇది. బిడ్డ గుండె కొట్టుకున్నప్పుడల్లా బొడ్డుతాడులో రక్తం మాయ వైపు తోసుకెళ్తుంది. తెర మీద కొండల వరసలా వస్తుంది. కొండకీ కొండకీ మధ్య, అంటే గుండె సేదతీరే క్షణంలో కూడా, రక్తం ముందుకే నడుస్తుండాలి. మాయ బిగుసుకుపోతున్న కొద్దీ ఆ లోయ లోతవుతుంది. తరవాత నేలకి తగులుతుంది, అంటే ఆ క్షణం ప్రవాహం సున్నా. ఇంకా ముదిరితే వెనక్కి నడుస్తుంది. మొదటి మెట్టులో ఉన్నవాళ్ళు వారాల తరబడి లాగుతారు. చివరి రెండు మెట్లు ఆస్పత్రిలో ఉండాల్సినవి. అందుకే ఈసారి వెళ్ళినప్పుడు మీరు బరువెంత అని అడగకండి. 'ఎండ్ డయాస్టాలిక్ ఫ్లో ఉందా అండీ' అని అడగండి. ఆ లోయలో రక్తం ముందుకు నడుస్తోందా అని దానర్థం. ఆ మాట కాగితం మీద రాసి పట్టుకెళ్ళండి. స్కాన్ తీసే రేడియాలజిస్టు తలెత్తి మీ వంక చూస్తారు, చూడనివ్వండి.

బిడ్డలు చాలా తెలివైనవాళ్ళు. సరుకు తగ్గితే ఉన్నదాన్ని మెదడుకి మళ్ళించుకుంటారు. మెదడు రక్తనాళం కూడా మేము చూసేది అందుకే. మెదడుకి ఎక్కువ పంపితే లివరుకీ కిడ్నీలకీ తగ్గుతుంది. లివరు చిక్కి పొట్ట కొలత తగ్గుతుంది. కిడ్నీలు మూత్రం తక్కువ చేస్తే ఉమ్మనీరు తగ్గుతుంది, ఉమ్మనీరంటే ఈ నెలల్లో చాలావరకు బిడ్డ మూత్రమే కాబట్టి. ఉమ్మనీటిలో అన్నిటికన్నా లోతైన గుంట రెండు సెంటీమీటర్లకి తగ్గితే నీరు తక్కువని రాస్తాం. 'పొట్ట తక్కువ, నీరు తక్కువ, డాప్లర్ తేడా' అని మూడు రోగాల్లా కనబడేవి ఒకే కథలో మూడు సీన్లు.

మీ చేతిలో ఉన్నవి చెప్తాను. అమ్మాయి బీపీ చూపిస్తూ ఉండండి, ఈ మాయ సమస్యతో పాటే బీపీ వచ్చేది ఎక్కువ. తలనొప్పి, కళ్ళు మసకలు, పొట్ట పైభాగంలో నొప్పి వస్తే పొద్దున చూద్దాంలే అనుకోవద్దు. కదలికలు రోజూ గమనించమనండి. ఎడమ వైపుకి తిరిగి పడుకుని లెక్కపెడితే రెండు గంటల్లో పది అయినా రావాలని మామూలు లెక్క. లెక్క సంగతి ఎలా ఉన్నా, రోజూ ఉన్నట్టు లేదనిపిస్తే చాలు, చల్లటి సోడా తాగించి చూద్దామని ఆగకుండా ఆస్పత్రికి వెళ్ళిపోండి. మంచం మీద కదలకుండా పడుకోబెట్టడం వల్ల బిడ్డ బరువు పెరగదు, పైగా కాళ్ళలో రక్తం గడ్డకట్టే భయం. ఇంట్లో నడవనివ్వండి.

తిండి మామూలుగా పెట్టండి: పప్పు, గుడ్డు, చేప, పెరుగు, ఆకుకూర. ఐరన్ మాత్రలు మానొద్దు. కొన్ని ఇళ్ళలో దీనికి రివర్సు కూడా చూస్తాను, 'బిడ్డ పెద్దదైతే కాన్పు కష్టం, కాస్త తగ్గించి తిను' అని. ఆ మాట చెప్పే పెద్దవాళ్ళు మీ ఇంటికొస్తే కాఫీ ఇచ్చి పంపెయ్యండి.

నెలలు నిండకముందే కాన్పు చెయ్యాల్సి వస్తే 34 వారాల లోపు ఊపిరితిత్తుల కోసం స్టెరాయిడ్ ఇంజెక్షన్లు ఇస్తారు. స్టెరాయిడ్ అనగానే భయపడకండి. అవి నిజంగా పని చేసే మందు. కాన్పు మాత్రం నెలలు తక్కువ పిల్లల్ని చూసుకునే యూనిట్ ఉన్నచోటే పెట్టుకోండి. ఊళ్ళో నర్సింగ్‌హోమ్ ఎంత నమ్మకమైనదైనా సరే. ఇంకో కాన్పు అనుకున్నప్పుడు ఈ రిపోర్టు పట్టుకుని మొదట్లోనే డాక్టరుగారి దగ్గరికి వెళ్ళండి. ఇలాంటి తల్లులకి చిన్న మోతాదు ఆస్పిరిన్ ఇస్తారు, అది 16 వారాల లోపు మొదలుపెడితేనే ఫలితం.

ప్రశ్న: మేము డల్లాస్‌లో ఉంటాం. నా భార్యకి 20 వారాల స్కాన్ అయ్యాక మళ్ళీ స్కానే తియ్యలేదు. ప్రతిసారీ పొట్ట మీద టేపు పెట్టి కొలిచి 'గుడ్' అంటున్నారు. రాజమండ్రిలో మా చెల్లికి నెలనెలా తీస్తున్నారు. ఇక్కడ ఇన్సూరెన్స్ డబ్బు మిగుల్చుకోడానికి మోసం చేస్తున్నారా?

జవాబు: బాబూ, టేపుని చిన్నచూపు చూడకండి. 24 వారాలు దాటాక పొత్తికడుపు కింద ఉండే ముందెముక నుంచి గర్భసంచి పైఅంచు దాకా కొలిస్తే, ఎన్ని వారాలైతే అన్ని సెంటీమీటర్లు రావాలి, రెండు మూడు అటూ ఇటూ. మన ఊళ్ళ సబ్‌సెంటర్లలో ఏఎన్ఎంలు చేసేదీ అదే. తేడా కనబడితే అప్పుడు స్కాన్‌కి పంపుతారు. మీ ఆవిడకి షుగరు, బీపీ లేకుండా, కవలలు కాకుండా, ముందు కాన్పులో చిన్న బిడ్డ పుట్టకుండా ఉంటే అక్కడి పద్ధతి అదే. మోసం కాదు.

నెదర్లాండ్స్‌లో పదమూడు వేల మందికి పైగా ఆరోగ్యంగా ఉన్న గర్భిణుల మీద ఇదే చూశారు, 2019లో అచ్చయింది. చివరి నెలల్లో అందరికీ స్కాన్ తీస్తే చిన్న బిడ్డల్ని ముందే పట్టుకోవడం 19 శాతం నుంచి 32 శాతానికి పెరిగింది. పుట్టాక బిడ్డలకి జరిగే పెద్ద ప్రమాదాలు మాత్రం తగ్గలేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా అందరికీ చేయించమని సిఫారసు చేసింది 24 వారాల లోపు ఒక స్కానే.

ఇంకో వైపు కూడా చెప్పాలి. మన దగ్గర తేదీలు సరిగా తెలియవు, షుగరు ఎక్కువ, బీపీ ఏ నెలలో మొదలైందో కొందరికి కాన్పు గదిలోనే తెలుస్తుంది. అందుకని ఏ సమస్యా లేకపోయినా 32 నుంచి 36 వారాల మధ్య ఒకసారి చూడటం మంచిదని నా అభిప్రాయం. నెలనెలా మాత్రం అక్కర్లేదు. మీ చెల్లెలికి ఎందుకు తీస్తున్నారో డాక్టరుగారిని అడగమనండి. కారణం ఉంటే చెప్తారు. లేకపోతే ఆ డబ్బుతో పండ్లు కొనుక్కోమనండి. నా వ్యాపారం మీద నేనే రాయి వేసుకుంటున్నాను, మా ఇంటాయన ఈ పేజీ చదవకుండా ఉంటే బాగుండు. డబ్బు ఇబ్బంది ఉన్నవాళ్ళకి ప్రతి నెలా 9వ తేదీన ప్రభుత్వ ఆస్పత్రుల్లో గర్భిణులకి ఉచిత పరీక్షలుంటాయి, 2016 నుంచి దేశమంతా జరుగుతోంది.

ప్రశ్న: మెడకి పేగు చుట్టుకుందని రిపోర్టులో రాశారు. వెంటనే ఆపరేషన్ చేయించుకోవాలా? – పిఠాపురం

జవాబు: అక్కర్లేదమ్మా. నెలలు నిండిన బిడ్డల్లో నలుగురైదుగురిలో ఒకరికి మెడ చుట్టూ తాడు ఉంటుంది. చుట్టుకుంటుంది, మళ్ళీ విడిపోతుంది కూడా. బిడ్డ ఊపిరి పీల్చేది మెడతో కాదు, తాడుతోనే, కాబట్టి ఉరి పడినట్టు ఊహించుకోకండి. చాలామందికి మామూలు కాన్పే అవుతుంది. తల బయటికి రాగానే తాడు తప్పిస్తారు. నేను చాలాసార్లు ఆ మాట రిపోర్టులో రాయను. రాస్తే ఆ రాత్రి ఆ ఇంట్లో ఎవరూ అన్నం తినరు.

ప్రశ్న: బిడ్డ ఎదుగుదల చూడమంటే ఆధార్ కార్డెందుకు, అన్ని సంతకాలెందుకు? మేము అడగనే లేదు ఆడా మగా అని. – ఒక భర్త, సామర్లకోట

జవాబు: మీరు అడగలేదు, సంతోషం. మీ వెనకాలే వచ్చినాయన 'మేడమ్, లడ్డూయా జిలేబీయా' అన్నారు. కడుపులో ఉన్నది ఆడా మగా అని అలా అడక్కుండా, చెప్పకుండా ఆపడానికే 1994లో చట్టం వచ్చింది. గర్భిణికి తీసే ప్రతి స్కాన్‌కీ ఫారం ఎఫ్ నింపాలి. గ్రోత్ స్కాన్ అయినా సరే. ఒక గడి ఖాళీగా ఉన్నా తనిఖీకి వచ్చినవాళ్ళు యంత్రానికి సీలు వెయ్యొచ్చు. చెప్పినవాళ్ళకే కాదు, అడిగినవాళ్ళకీ జైలుంది. ఆ రెండు నిమిషాలు ఓపిక పట్టండి.

ప్రశ్న: స్కాన్‌కి ఏమీ తినకుండా, మూత్రం ఆపుకుని రావాలా? రిపోర్టులు, ఫొటోలు పాడవకుండా లామినేషన్ చేయిస్తే మంచిదా? – ఒక అమ్మమ్మ, జగ్గంపేట

జవాబు: తిని రమ్మనండి. ఖాళీ కడుపుతో వెల్లకిలా పడుకుంటే కళ్ళు తిరుగుతాయి. మొదటి నెలల స్కాన్‌కి కొన్నిసార్లు మూత్రం ఆపుకోవాల్సి వస్తుంది గానీ, గ్రోత్ స్కాన్‌కి అవసరం లేదు. బయట గంటసేపు కాళ్ళు బిగబట్టుకుని కూర్చునే వాళ్ళని చూస్తే నాకే బాధగా ఉంటుంది. నైటీ కాకుండా చీరో, రెండు ముక్కల డ్రెస్సో అయితే సుఖం. పాత కాగితాలన్నీ తేవాలి, ముఖ్యంగా మొదటిది.

లామినేషన్ మాత్రం వద్దు పిన్నిగారూ. ఆ నల్లటి బొమ్మలు వేడి తగిలితే మారే కాగితం మీద వస్తాయి. మొన్ననే ఒకావిడ కోడలి మొదటి స్కాన్‌ని ఎంతో జాగ్రత్తగా లామినేషన్ చేయించి తెచ్చారు, అట్టలాంటి ప్లాస్టిక్కు మధ్యలో పలకంత నల్లటి ముక్క. కిటికీ దగ్గర వెలుతురుకి అటూ ఇటూ తిప్పి చూశాం ఇద్దరం. ఒక మూల సి.ఆర్.ఎల్. అన్న అక్షరాలు లీలగా కనబడ్డాయి, పక్కన అంకె పోయింది. ఇంటికి రాగానే మనవడి చేత ఫోనులో ఫొటో తీయించండి.